అలలు విరగని చోటు

కెలమంగలం వాళ్ళకు సముద్రంతో పని ఏమిటని పాఠకులు అడగవచ్చును. న్యాయమైన ప్రశ్నే. సముద్రమట్టానికి రెండువేల అడుగులకు పైని ఉన్న ఊరు మాది. ఎటు చూచినా గుట్టలు, బండలు, రాగిచేలు, ఈ కాలంలో గులాబితోటలు, టమోటా తోటలు. నీళ్ళంటే మాకు చెరువు. చెరువంటే కట్ట, తూము, మరవ. వాన ఎక్కువైతే కట్టకు ఎక్కడ గండి పడుతుందో అన్న దిగులు. మా పెద్దలు మాకు నేర్పినదీ, మేము మా పిల్లలకు నేర్పినదీ ఇంతే.

అటువంటి మేము సముద్రాన్ని గురించి వ్రాయబూనడానికి ఒక కారణం ఉన్నది. 2019 ఆగస్టులో విశాఖపట్నంలో మా కుటుంబానికి పెద్ద గండం ఒకటి తప్పిపోయింది. ఆ గండానికి మూలం నీటిక్రింద మాకు కనబడని ఒక ఇసుకకట్ట, దానికి పడిన ఒక గండి. సముద్రంలో కూడా కట్టలూ గండ్లూ ఉంటాయని అదివరకు మాకు తెలియదు. తెలిసి ఉంటే పిల్లవాణ్ణి అక్కడ దిగమని చెప్పి ఉండేవాళ్ళము కాము. మన సంఘంలోని కుటుంబాలు పెళ్ళిళ్ళకనీ, సింహాచలం మొక్కులకనీ ఆ వైపుకు పోతూనే ఉంటాయి గనుక, మేము తెలుసుకున్నది నలుగురితో చెప్పుకోవడం మంచిదని తోచింది.

మా దగ్గరి బంధువుల ఇంట శ్రావణమాసపు ముహూర్తానికి పెళ్ళి. బెంగుళూరులో రైలెక్కితే మరునాటికి విశాఖపట్నం. మా అమ్మ, మా తమ్ముని కుటుంబం, పిల్లలు, అందరం కలిసి తొమ్మిదిమందిమి. చిత్రాన్నం పొట్లాలు కట్టుకొని, పిల్లల గోలతో నిద్రలేక, తెలుగు స్టేషన్ల పేర్లు ఒక్కొక్కటే చదువుకుంటూ పోయాము. తమిళం, కన్నడం నడుమ తరతరాలుగా తెలుగు మాట్లాడుకుంటూ బ్రతికే మాకు, పలకల మీద తెలుగు అక్షరాలు వరుసగా కనబడుతూ ఉంటే అదొక సంతోషం.

పెళ్ళి అయిన మరునాడు ఉదయం సింహాచలం వెళ్ళి అప్పన్నస్వామిని సేవించుకొని, సాయంకాలం రామకృష్ణా బీచికి పోయాము. దక్షిణాన డాల్ఫిన్‌నోస్ కొండ సముద్రంలోకి ముక్కు చాచుకొని ఉన్నది. ఒడ్డున కురుసురా జలాంతర్గామిని నిలబెట్టి ప్రదర్శనశాలగా ఉంచారు. పిల్లలకు అదేమీ పట్టలేదు. నీళ్ళలోకి ఎప్పుడు దిగుదామా అన్నదే వాళ్ళ ఆత్రం.

మేము తీరం పొడవునా ఒకసారి చూపు సారించాము. ఒడ్డుకు కొంతదూరాన అలలు ఒక వరుసగా తెల్లగా విరుగుతున్నవి. ఆ చప్పుడు వింటేనే గుండె గుభేలుమన్నది. కాని ఒకచోట, పది పన్నెండు బారల వెడల్పున, ఆ తెల్లని వరుస తెగి ఉన్నది. అక్కడ నీళ్ళు కొంచెం నల్లగా, అలలు లేక, మా చెరువు నీళ్ళవలె నిదానంగా కనబడినవి. ఇంటికి పెద్దవాళ్ళం గదా! ఎంతో తెలివిగా ఆలోచించామనుకొని, మేమే చేయి చాచి, “అదిగో, అక్కడ దిగండి. మోకాటిలోతు దాటకండి” అన్నాము.

చిన్నపిల్లలు ఒడ్డునే ఆగారు. మా తమ్ముని కొడుకు పదిహేడేండ్లవాడు, మా చెరువును ఈ దరినుండి ఆ దరికి ఈదినవాడు, నాలుగడుగులు ముందుకు పోయాడు. అయిదు నిమిషాలు కూడా కాలేదు. చూస్తూ ఉండగానే వాని తల దూరమైపోయింది. ఒడ్డువైపు తిరిగి చేతులు వేస్తున్నాడు, వేస్తున్నాడు, ఒక్క బారైనా ముందుకు రావడం లేదు. “పెద్దనాయనా!” అని ఒక్క కేక వినబడింది. మేము నీళ్ళలోకి ఉరకబోతే ఎవరో వెనుకనుండి చొక్కా పట్టి లాగారు. జాలరి కుర్రవాళ్ళు ఇద్దరు. ఒకడు నోటికి చేతులడ్డం పెట్టి, “ఈదొద్దు! తేలు! పక్కకి రా!” అని అరిచాడు. రెండవవాడు అప్పటికే ఫైబరు తెప్పను నీళ్ళలోకి నెట్టుతున్నాడు.

పిల్లవాడు ఆ మాట విన్నాడో, అలసటవల్ల చేతులు ఆగిపోయినవో, వెల్లకిలా తేలాడు. నీరు వాణ్ణి ఆ తెల్లని వరుస ఆవలికి తీసుకుపోయి అక్కడ వదిలేసింది. తెప్ప చుట్టు తిరిగి పోయి వాణ్ణి ఎక్కించుకొని వచ్చింది. నాలుగు గుక్కలు ఉప్పునీళ్ళు త్రాగడం తప్ప ఏమీ కాలేదు. మా అమ్మ ఇసుకలో కూలబడి, మనవళ్ళను మనవరాళ్ళను ఒక్కొక్కరినే తల నిమిరి లెక్కపెట్టుకున్నది. లెక్క సరిపోయినా మళ్ళీ మొదటినుండి లెక్కపెట్టింది. మేము ఎవరి ముఖమూ చూడలేకపోయాము. చోటు చూపించినది మేమే గదా.

అక్కడికి దగ్గరలో ఒక ముసలి జాలరి వల అల్లుకుంటూ కూర్చున్నాడు. తెప్ప వేసుకుపోయిన కుర్రవాడు ఆయన మనుమడట. మమ్మల్ని పిలిచి అడిగాడు.

“ఏ ఊరు బాబూ మీది?”

“హోసూరు దగ్గర కెలమంగలం, తాతా.”

“ఆ ఊళ్ళో సముద్రం నేదు గావాల.”

“లేదు. చెరువులే.”

“సెరువు గట్టు తెగితే నీరెటు పోద్ది?”

“గండిలోనుండి పోతుంది.”

“ఇదీ అంతే బాబూ. అదిగో, తెల్లగా ఇరుగుతున్నాది సూడండి, ఆడ నీటికింద ఇసక గట్టున్నాది. ఇక్కడ ఇరగనేదంటే గట్టు నేదన్నమాట. ఒడ్డుకొచ్చిన నీరంతా ఈ దారినే ఎనక్కి పోవాల. అల ఇరగని కాడ దిగకూడదు.”

తరువాత మేము చదివి, అడిగి తెలుసుకున్నదంతా ఈ నాలుగు మాటలకు వ్యాఖ్యానమే. ఆ చదువులో మాకు తోడైనవాడు, ఆనాడు చావు తప్పించుకొని వచ్చిన మా పిల్లవాడే.

అల ఒడ్డుకు వచ్చేకొద్దీ నీటి లోతు తగ్గుతుంది. అల ఎత్తుకు సుమారు ఒకటింబాతిక రెట్లు లోతు మిగిలిన చోట అది నిలబడలేక ముందుకు కూలుతుంది. మూడడుగుల అల దాదాపు నాలుగడుగుల లోతులో విరుగుతుందన్నమాట. కనుక తెల్లని నురుగు ఎక్కడ ఉన్నదో అక్కడ నీరు లోతు తక్కువ. ఒడ్డుకు దూరంగా, తీరానికి సమంగా నురుగు వరుస కనబడితే, దాని క్రింద ఇసుకకట్ట ఉన్నదని అర్థం.

ఈ కట్టను కట్టేది ఎవరు? తుపాను. అదే విచిత్రం. గాలివాన రోజుల్లో అలలు ఎత్తుగా, నిలువుగా, ఒకదాని వెంట ఒకటి తొందరగా వస్తవి. అవి విరిగినప్పుడు అడుగున ఉన్న ఇసుక అంతా కలగుండు పడి లేస్తుంది. ఒడ్డుమీదికి ఎక్కిన నీరు మళ్ళీ సముద్రంలోకి పోవాలి గదా! పైన అలలు ముందుకు తోస్తూ ఉంటే, ఆ నీరు అడుగుబాటున వెనుకకు జారుతుంది. లేచిన ఇసుకను తనతోకూడా లాక్కుపోతుంది. అలలు విరిగే వరుస దగ్గరకు వచ్చేసరికి ఈ వెనుకనీటి బలం తగ్గిపోతుంది. బలం తగ్గినచోట బరువు దింపుతుంది. అట్లా దించిన ఇసుకే కట్ట అవుతుంది. కట్ట లేచినకొద్దీ తరువాతి అలలు దానిమీదనే విరిగి, సగం బలం పోగొట్టుకొని ఒడ్డుకు వస్తవి. అంటే, తీరం తన ఒంటిమీది ఇసుకతోనే తనకు అడ్డుగోడ కట్టుకుంటున్నదన్నమాట.

2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గరే తీరం దాటింది. గాలి గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగం. ఊళ్ళో చెట్లన్నవి మిగలలేదని, ఒడ్డున ఇసుక కోసుకుపోయిందని మా బంధువులు ఇప్పటికీ కథలు కథలుగా చెబుతారు. అట్లా పోయిన ఇసుక అంతా పోయినట్లు కాదు. చాలా భాగం నీటిక్రింద, కొంచెం దూరంలో ఉంటుంది.

గాలివాన అణగిన తరువాత మెత్తని అలలు మొదలవుతవి. వీటి నడక వేరు. శిఖరం క్రింద నీరు ముందుకు గట్టిగా ఒక్క తోపు తోసి, పల్లం క్రింద మెల్లగా ఎక్కువసేపు వెనుకకు వస్తుంది. గట్టి తోపుకు కదిలిన ఇసుకరేణువు మెత్తని లాగుడుకు అంతగా కదలదు. ఈ విధంగా ఇసుక గోరంత గోరంతగా ఒడ్డుకు తిరిగి వస్తుంది. పోవడానికి ఒకటి రెండు రోజులు, రావడానికి వారాలు, నెలలు. అప్పు చేసినంత సులువుగా అప్పు తీరదు గదా!

ఇవన్నీ ఊహలు కావు. అమెరికాలో నార్తు కరోలినా రాష్ట్రంలో డక్ అనే చిన్న ఊరు ఉన్నది. అక్కడ 1977లో సముద్రంలోకి 560 మీటర్ల పొడవున వంతెన కట్టి, తుపానులో కూడా అలలను, ఇసుకను కొలిచే ఏర్పాటు చేశారు. ముప్పై అయిదు అడుగుల ఎత్తున మూడుకాళ్ళ బండి ఒకటి చేసి, దానిని అలల్లోకి నడిపించి అడుగు మట్టం కొలిచేవారు. కట్ట తుపానులో వడిగా లోపలికి జరగడం, మంచి రోజుల్లో నిదానంగా ఒడ్డుకు రావడం అక్కడ ఏండ్ల తరబడి లెక్కకట్టారు.

అయితే అంతకు చాలా ముందే మన తెలుగునాట ఈ పని జరిగిందని తెలిసి మాకు గర్వం కలిగింది. 1950లలో అమెరికా నుండి వచ్చిన యూజీన్ లాఫాండ్ అనే సముద్ర శాస్త్రజ్ఞుడు ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో పనిచేశారు. ఆయన, ఆర్. ప్రసాదరావుగారు కలిసి వాల్తేరు తీరం ఎప్పుడు కోతపడుతుందో, ఎప్పుడు పూడుతుందో పరిశీలించి వ్రాసిన వ్యాసం 1954లో విశ్వకళాపరిషత్తు సంపుటంలో వెలువడింది. మా పిల్లవాణ్ణి సముద్రం లాగిన ఆ తీరమే, మన దేశంలో ముందుగా ఇసుక లెక్క వ్రాసుకున్న తీరాలలో ఒకటి.

ఇక గండి సంగతి. కట్ట పొడవునా ఒకే ఎత్తున ఉండదు. ఎక్కడో ఒకచోట పల్లం ఉంటుంది. కట్ట దాటి వచ్చిన నీరు ఒడ్డుకూ కట్టకూ నడుమ నిండి, పక్కలకు పారి, ఆ పల్లం దొరికినచోట సముద్రంలోకి దూకుతుంది. పారినకొద్దీ పల్లాన్ని ఇంకా లోతు చేసుకుంటుంది. మా చెరువు గండికి, దీనికి తేడా ఏమీ లేదు. లోతు ఎక్కువ గనుక అక్కడ అల విరగదు. విరగదు గనుక ప్రశాంతంగా కనబడుతుంది. తెలియనివాళ్ళు సరిగ్గా అక్కడికే పోతారు, మేము పోయినట్లు. ఆ ప్రవాహం ఒక్కొక్కప్పుడు సెకనుకు రెండు మీటర్ల వేగం అందుకుంటుంది. ఒలింపిక్సు పందెంలో ఈదేవాళ్ళ వేగమే అంత. మా చెరువు ఈదిన పిల్లవాడు దానికి ఎదురు ఎట్లా నిలుస్తాడు?

కాని ఆ ప్రవాహం మనిషిని అడుగుకు ముంచదు, దూరంగా తీసుకుపోతుంది, అంతే. కట్ట దాటిన తరువాత అది విచ్చుకొని నీరసపడిపోతుంది. ఒడ్డువైపు ఎదురీది అలసిపోయినవాళ్ళే ఎక్కువగా మునిగిపోతారు. దానిలో చిక్కుకున్నవాళ్ళు కంగారుపడక తేలి ఉండాలి. చేయి ఎత్తి పిలవాలి. ఓపిక ఉంటే ఒడ్డుకు సమంగా పక్కకు ఈది, అలలు తెల్లగా విరిగే చోటికి చేరాలి. ఆ అలలే ఒడ్డుకు తోస్తవి. ఒడ్డున ఉన్నవాళ్ళు వట్టి చేతులతో నీళ్ళలోకి దూకకూడదు. తేలే వస్తువు ఏదైనా విసరాలి, ఎరిగినవాళ్ళను పిలవాలి. ఆనాడు మా చొక్కా పట్టి లాగిన చేయి లేకపోతే ఇంట్లో ఒకరికి బదులు ఇద్దరి సంగతి అయి ఉండేది.

2023 ఫిబ్రవరిలో గృహప్రవేశానికని మళ్ళీ వెళ్ళాము. అదే చోటికి పోయి చూస్తే గుర్తు పట్టలేకపోయాము. ఆగస్టులో ఒడ్డు మెట్టు కోసినట్లు నిలువుగా ఉండి, ఇసుక సన్నని పట్టీవలె ఉండేది. ఇప్పుడు వెడల్పుగా, వాలుగా, మెత్తగా ఉన్నది. గండి కూడా అక్కడ లేదు. “అది ఒక్కచోట ఉండదండి. ప్రతి సీజనుకూ మారిపోద్ది” అన్నాడు ఆనాటి కుర్రవాడు. కనుక కిందటిసారి మంచిదనుకున్న చోటు ఈసారి మంచిది కావాలని లేదు. వాళ్ళ తాత వేటకు పోలేక ఇంటిపట్టునే ఉంటున్నాడట. మా అమ్మ పట్టుబట్టి మోయించుకొచ్చిన రాగిపిండి మూట ఆయన కోసమే. మనుమని చేత ఇంటికి పంపాము.

ఇసుకకు ఇంకొక ప్రయాణం కూడా ఉన్నది. తూర్పుతీరంలో నైరుతి ఋతుపవనం నాటి అలలు దక్షిణం నుండి ఏటవాలుగా వచ్చి ఇసుకను ఉత్తరానికి తోస్తవి. ఈశాన్య ఋతుపవనంలో కొంత వెనుకకు వస్తుంది. మొత్తంమీద ఉత్తరానికి పోయేదే ఎక్కువ, ఏటా లక్షల ఘనమీటర్లు. దానికి అడ్డంగా ఏది కట్టినా దక్షిణాన పూడిక, ఉత్తరాన కోత. చెన్నపట్నంలో 1876లో రేవు గోడలు మొదలుపెట్టారు. వాటి దక్షిణాన చేరిన ఇసుకే ఇప్పుడు మనమందరం శనగలు తింటూ కూర్చునే మెరీనా. ఉత్తరాన రాయపురం వైపు తీరం తరిగిపోయింది. విశాఖ రేవును 1933లో తెరిచారు. దాని వాకిలి పూడిపోకుండా ఆ రోజుల్లోనే రెండు పాత ఓడలను ముంచి అడ్డు పెట్టారు. 1970లలో బయటి రేవు గోడలు వచ్చినవి. ఆ గోడల దగ్గర ఆగిన ఇసుకను డ్రెడ్జరు ఓడలతో తోడి ఉత్తరపు ఒడ్డుకు పోయడం అప్పటినుండి అవసరమైంది. కాకినాడ దగ్గర ఉప్పాడలో ఇండ్లు, వీధులు సముద్రంలో కలిసిపోవడం పత్రికల్లో చూస్తూనే ఉన్నాము.

ఇదంతా మనకెందుకు అనుకోవడానికి వీల్లేదు. మా వంకల నీళ్ళు చివరకు దక్షిణ పినాకినిలో, అనగా పొన్నయ్యారులో చేరుతవి. ఆ నది కడలూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. మా గుట్టల బండలు అరిగి పుట్టిన ఇసుక ఒకనాడు అక్కడి తీరానికి చేరి, అలల వెంట ఉత్తరానికి బయలుదేరేది. 1950లలో కట్టిన కృష్ణగిరి, సాత్తనూరు ఆనకట్టల వెనుక ఇప్పుడు చాలావరకు ఆగిపోతున్నది. ఆనకట్టలవల్ల మా జిల్లా పొలాలు పండినవి, ఆ మాట మరువరాదు. మిగిలిన ఇసుకను వంకల్లోనుండి బండ్లకు, లారీలకు ఎత్తి ఇండ్లు కట్టుకున్నాము. మా ఇంటి గోడల్లోనూ ఆ ఇసుకే ఉన్నది. తుపాను తీసుకున్నది మళ్ళీ తెచ్చి ఇస్తుంది. మనం తీసుకున్నది తిరిగి ఇచ్చే దారి లేదు.

సముద్రయాత్ర పెట్టుకున్న మన కుటుంబాలకు మేము చెప్పదలచినది కొంచెమే. ఒడ్డు చేరిన వెంటనే నీళ్ళలోకి దిగవద్దు. ఎత్తైన చోట పది నిమిషాలు నిలబడి, అలలు ఎక్కడ తెల్లగా విరుగుతున్నవో, ఎక్కడ విరగడం లేదో చూడండి. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ అలల ఎత్తును ముందుగా చెబుతూ ఉంటుంది. ఆ హెచ్చరిక ఉన్ననాడు పాదాలు తడుపుకొని వచ్చేయండి. అన్నిటికన్నా ముందు, అక్కడ ఉన్న జాలరిని అడగండి. అడగడానికి నామోషీ పడవద్దు. మేము అడగక ఒక పిల్లవాణ్ణి పోగొట్టుకోబోయాము.

ఆ పిల్లవాడు ఇప్పుడు పెద్దవాడైనాడు. వానలు పడినప్పుడు మా చెరువు కట్టమీద చిన్నపిల్లలను కూర్చోబెట్టుకొని, గండి ఎట్లా పడుతుందో, సముద్రంలో అది ఎట్లా ఉంటుందో వేలితో మట్టిలో గీచి చూపిస్తూ ఉంటాడు. మా అమ్మ మాత్రం ఇప్పటికీ అందరూ ఇంటికి చేరినారో లేదో లెక్కపెట్టుకుని గాని అన్నానికి కూర్చోదు.